టెనెసీ నదిలో ఇరవై రెండు అడుగుల పడవ

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను 1973 పదో తరగతి బ్యాచ్ వాణ్ణి. నలభై ఏళ్ళకు పైగా అమెరికాలో ఉంటున్నాను. ఉద్యోగం చేసి రిటైరయింది హంట్స్‌విల్‌లో. కార్యదర్శిగారు ఫోన్ చేసి, "రాకెట్ల గురించి వద్దు బాబూ, అందరూ నిద్రపోతారు. పడవలో ఏదో ఊరేగావట కదా, అది చెప్పు" అన్నారు. అందుకని పడవ గురించే చెబుతాను. నిజానికి ప్రయాణం గురించి చెప్పేది తక్కువ, ప్రయాణానికి ముందు వేసుకున్న లెక్కల గురించి ఎక్కువ. ఎందుకంటే 21 రోజుల ప్రయాణానికి మాకు రెండేళ్ళ ఏర్పాటు పట్టింది.

మొదట మన ఊరి సంగతి. మన బడి గోడ దాటితే కాలవ గట్టు. ధవళేశ్వరం ఆనకట్ట 1847 నుంచి 1852 దాకా కట్టారని, కాటన్ దొర తవ్వించిన కాలవలు చేలకి నీళ్ళివ్వడానికే కాదు, పడవలు నడవడానికి కూడానని సోషల్ మాస్టారు చెప్పేవారు. చెప్పి ఊరుకోలేదు. ఎనిమిదో తరగతిలో మమ్మల్నందర్నీ నడిపించుకుంటూ లాకుల దగ్గరికి తీసుకెళ్ళారు. ఊక బస్తాలతో ఒక పడవ కింద నుంచి లోపలికొచ్చింది. వెనక తలుపులు మూశారు. ముందు తలుపుల్లోని చిన్న షట్టర్లు ఎత్తారు. పడవ మెల్లగా మా కళ్ళ ఎత్తుకి లేచింది. మాస్టారు అడిగారు: "పడవని పైకెత్తింది ఎవర్రా?" నేను చెయ్యెత్తి "లస్కరండీ" అన్నాను. అందరూ నవ్వారు. మాస్టారు నవ్వలేదు. "నీళ్ళు ఎత్తాయిరా. లస్కరు తలుపు తీశాడు, అంతే" అన్నారు. ఆ మాస్టారు ఇవాళ మొదటి వరసలో కూర్చున్నారు.

ఇంత కాలవ పక్కన పెరిగి కూడా నాకు ఈత రాదు. నేను పుట్టకముందు మా అన్న ఒకడు, నాలుగేళ్ళవాడు, ఈ కాలవలోనే పోయాడు. అందుకని మా అమ్మ నన్ను రేవు మెట్టు దిగనిచ్చేది కాదు. ఈ సంగతి ఎందుకు చెప్పానో చివర్లో తెలుస్తుంది.

హంట్స్‌విల్‌కి దక్షిణాన టెనెసీ నది పారుతుంది. చిత్రమైన నది. నాక్స్‌విల్ దగ్గర పుట్టి నైరుతికి దిగి, అలబామాలో పడమరకి తిరిగి, మళ్ళీ ఉత్తరానికి వెళ్ళి కెంటకీలో పడూకా దగ్గర ఒహాయో నదిలో కలుస్తుంది. పొడవు 652 మైళ్ళు. మైళ్ళ లెక్క సంగమం దగ్గర సున్నాతో మొదలై ఎగువకి పెరుగుతుంది. కాబట్టి దిగువకి వెళ్ళేవాడికి రోజురోజుకీ అంకె తగ్గుతూ ఉంటుంది. 1933లో పెట్టిన టీవీఏ సంస్థ ఈ నదిని మెట్లు మెట్లుగా డ్యాములతో కట్టేసింది. ప్రధాన నది మీద తొమ్మిది డ్యాములు. ప్రతి డ్యాముకీ ఒక లాకు. మధ్య దారిలో కనీసం తొమ్మిది అడుగుల లోతు ఉంచుతారు. లాకు దాటడానికి మాలాంటి చిన్న పడవలకి రుసుము లేదు. ఆ తొమ్మిది లాకుల పటం చూసినప్పుడు నాకు మాస్టారి ప్రశ్న గుర్తొచ్చింది. నాక్స్‌విల్ నుంచి కెంటకీ డ్యాము దాకా, సుమారు 626 మైళ్ళు వెళ్ళాలనుకున్నాను.

పెద్ద పడవ కొనే స్తోమత లేదు, దాన్ని ఏడాది పొడుగునా రేవులో కట్టి అద్దె కట్టే ఓపికా లేదు. అందుకని ట్రైలర్ మీద బండి వెనక లాక్కెళ్ళగలిగే పడవ చూసుకున్నాం. అక్కడ ప్రత్యేక అనుమతి లేకుండా రోడ్డు మీద లాగాలంటే వెడల్పు ఎనిమిదిన్నర అడుగులు మించకూడదు. మాది 22 అడుగుల పొడవు. ముందు భాగంలో ఇద్దరు పడుకునే గూడు, ఒక చిన్న పొయ్యి, వెనకాల మోటారు. మన గూటిపడవకి చిన్న చెల్లెలనుకోండి.

ట్రైలర్ పడవలో సగం కష్టాలు నేల మీదే ఉంటాయి. బరువులో దాదాపు పదో వంతు ముందు కొక్కెం మీద పడేట్టు సర్దాలి. వెనకాల బరువెక్కువైతే హైవే మీద ట్రైలర్ పాములా ఊగుతుంది. 40 గ్యాలన్ల పెట్రోలే 110 కిలోలుంటుంది, దాన్ని కూడా ఈ లెక్కలో వేసుకోవాలి. రెండొందల మైళ్ళు లాగి వచ్చిన చక్రాల్లో బేరింగులు కాలుతూ ఉంటాయి. వాటిని వెంటనే చన్నీళ్ళలో దింపితే లోపలి గాలి చల్లబడి నీటిని పీల్చుకుంటుంది, గ్రీజు పాడవుతుంది. అందుకని నీళ్ళ ఒడ్డున అరగంట ఆగాలి. ఆ అరగంటలో కాఫీ తాగుతూ పడవ అడుగున బిరడా పెట్టారో లేదో చూసుకోవాలి. మొదటిసారి నేను చూసుకోలేదు. పడవ నీళ్ళలోకి దిగిన అయిదు నిమిషాలకి మా ఆవిడ, "ఏవండీ, పడవలో కూడా నది ఉంది" అంది.

ఇక నీటి మీద లెక్కలు. గంటకి ఏడు మైళ్ళు, రోజుకి 35 మైళ్ళు అనుకున్నాం. అంటే 18 రోజులు. ప్రతి మూడు రోజులకీ ఒక రోజు ఖాళీగా ఉంచాం, మొత్తం 24. ఆ ఖాళీ రోజులు విశ్రాంతికి కాదు, గాలికి, వానకి, పొగమంచుకి. అక్టోబరులో ఆ నది మీద చాలా రోజులు తొమ్మిది దాటేదాకా ఎదుటి ఒడ్డు కనిపించదు. రాత్రి నడపకూడదని నియమం పెట్టుకున్నాం. పెట్రోలు సగానికి రాకముందే నింపాలి, ఎందుకంటే పటంలో ఉన్న బంకు ఆ కాలంలో తెరిచి ఉండకపోవచ్చు. ప్రతి రాత్రి మజిలీకీ దానికి ముందొకటి, తర్వాతొకటి మారు మజిలీ రాసుకున్నాం.

లాకుల దగ్గర ఓపిక కావాలి. సరుకు బార్జీలకే ముందు చోటు, మనం చివర. పదిహేను బార్జీల గుంపు 600 అడుగుల లాకులో ఒక్కసారికి పట్టదు, రెండుసార్లు చేయాలి. చట్టనూగ ఊళ్ళోని చికమాగ లాకు 1940 నాటిది, చిన్నది, ఒకసారికి ఒక పెద్ద బార్జీయే పడుతుంది. దాని కాంక్రీటు రసాయన మార్పు వల్ల ఏళ్ళ తరబడి ఉబ్బుతూ వస్తోంది, పక్కన కొత్త లాకు కడుతున్నారు. లోపలికి పిలిచాక గోడలోని తేలే కొక్కేనికి తాడు చుట్టి చేత్తో పట్టుకోవాలి, ముడి వేయకూడదు. నీళ్ళు దిగుతుండగా ఆ కొక్కెం ఇరుక్కుంటే ముడేసిన పడవ గోడకి వేలాడుతుంది. అందుకని చేతికందేలా ఒక కత్తి పెట్టుకోవాలి.

ఈ లెక్కలన్నీ ఒక నోటు పుస్తకంలో రాసి, గొప్పగా మా ఆవిడకి చూపించాను. ఆవిడ అంతా చదివి ఒక్క ప్రశ్న వేసింది. "మీరు నీళ్ళలో పడితే ఈ పడవని ఆపడం ఎవరికొచ్చు?"

నా దగ్గర జవాబు లేదు. 64 ఏళ్ళ వయసు, ఈత రాదు. ఆవిడకి ఈతా రాదు, పడవ నడపడమూ రాదు. ప్రయాణం ఏడాది వాయిదా వేశాం. ఇద్దరం ఈత బడిలో చేరాం. పక్క వరసలో అయిదేళ్ళ పిల్లలు, వాళ్ళకి మమ్మల్ని చూస్తే భలే సరదా. ఆరు నెలలకి నేను కొలను అడ్డంగా దాటాను. ఆవిడ నాకంటే ముందే దాటింది. తర్వాత ఆవిడ చుక్కాని పట్టడం, వీహెచ్ఎఫ్ రేడియోలో మాట్లాడడం, లంగరు వేయడం నేర్చుకుంది. పడవ మీదున్నంతసేపూ, రేవులో కట్టి ఉన్నా సరే, లైఫ్ జాకెట్ తీయకూడదని శాసనం చేసింది. పడవకున్న నిచ్చెన పైనుంచి దింపితేనే దిగుతుంది, నీళ్ళలో పడ్డవాడికి అందదు. అది మార్పించింది కూడా ఆవిడే.

2024 అక్టోబరు 1న బయలుదేరాలనుకున్నాం. సెప్టెంబరు 25న విల్సన్ డ్యాము పెద్ద లాకు గేట్లలో బీటలు కనిపించి మూసేశారు. పక్కనున్న పాత చిన్న లాకులో బార్జీల్ని ఒక్కొక్కటిగా దాటిస్తుంటే రోజుల తరబడి వరస. తర్వాత రెండు రోజులకే హెలీన్ తుఫాను వచ్చి ఎగువ కొండల్లో ఊళ్ళకి ఊళ్ళే కొట్టుకుపోయాయి. నా నోటు పుస్తకం ఒక్క వారంలో చిత్తు కాగితమైంది.

నాకు విల్సన్ లాకు దాటాలనే పెద్ద ఆశ. దాదాపు 94 అడుగుల దింపు. 110 అడుగుల వెడల్పు, 600 అడుగుల పొడవు. ఒక్కసారికి దాదాపు 17 కోట్ల లీటర్ల నీరు, పంపు అక్కర్లేకుండా తన బరువుతో తనే దిగుతుంది. దాన్ని చూడకుండానే పోవాల్సి వచ్చింది. కానీ ట్రైలర్ ఉన్నందుకు ప్రయాణం మాత్రం ఆగలేదు. వరద తగ్గేదాకా రెండు వారాలు ఆగి, నాక్స్‌విల్‌లో పడవ దించాం. మా అబ్బాయి ఖాళీ ట్రైలర్‌ని ఇంటికి తీసుకెళ్ళి, మేము వీలర్ డ్యాము ఎగువకి చేరేరోజుకి అక్కడికి తెచ్చాడు. పడవ ఎక్కించి, రోడ్డు మీద రెండు డ్యాములూ దాటి, ఫ్లారెన్స్‌లో మళ్ళీ నీళ్ళలో దించాం. పెద్ద పడవలవాళ్ళు మా వంక కాస్త అసూయగానే చూశారు.

అంతకు ముందు గంటర్స్‌విల్ దగ్గర ఒక ఉదయం జరిగింది చెప్పాలి. పడవ మీద మంచు పడి జారుడుగా ఉంది. మోటారు తిరుగుతోంది. తాడు విప్పి లోపలికి అడుగు వేయబోయి పడవకీ రేవు చెక్కకీ మధ్య నీళ్ళలో పడ్డాను. అరవడానికి కూడా ఊపిరి అందలేదు, అంత చలి. మా ఆవిడ కేక వేయలేదు. ముందు మోటారు ఆపింది, తర్వాత నిచ్చెన చూపించింది. జాకెట్ నన్ను తేల్చి ఉంచింది. పైకొచ్చాక తువ్వాలు ఇచ్చి, "నోటు పుస్తకంలో రాసుకోండి" అంది. ఒక్క నిమిషం జరిగి ఉంటుంది. ఆ నిమిషం కోసమే ఏడాది వాయిదా వేశామని నాకప్పుడు అర్థమైంది.

చివరి డ్యాము వెనకున్న కెంటకీ లేక్ 184 మైళ్ళ పొడవు. కింది సగం సముద్రంలా ఉంటుంది. ప్యారిస్ ల్యాండింగ్ చేరేసరికి ఉత్తరపు గాలి ఎదురైంది. రెండు రోజులు చూశాం, తగ్గలేదు. గమ్యం ఇంకా నలభై మైళ్ళ పైన ఉంది. ఖాళీ రోజులు కూడా ఇంకా మిగిలే ఉన్నాయి. నాకు వెళ్ళాలనే ఉంది. ఆవిడ వద్దంది. బయలుదేరేముందు మేం రాసుకున్న మొదటి నియమం, ఇద్దరిలో ఎవరు వద్దన్నా ఆగిపోవాలని. అబ్బాయికి ఫోన్ చేశాం. సుమారు 560 మైళ్ళు నదిలో వెళ్ళి ట్రైలర్ మీద ఇంటికొచ్చాం. ఆ నలభై మైళ్ళూ అలాగే ఉన్నాయి, అవెక్కడికీ పోవు.

ఇప్పుడు నా అసలు మాట. 2019 సెప్టెంబరు 15న మన గోదావరిలో కచ్చులూరు దగ్గర లాంచీ మునిగింది. అందులో 77 మంది. బతికి బయటపడ్డవాళ్ళు 26 మంది. కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా మన కాలవల్ని 2008లో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. మళ్ళీ పడవలు తిరుగుతాయేమో, తిరగాలనే నా కోరిక. అవి తిరిగినా తిరగకపోయినా మన పిల్లలు రోజూ నీళ్ళ పక్కనే నడిచి బడికొస్తున్నారు. మనం ఈ స్వర్ణోత్సవానికి గుర్తుగా స్వాగత ద్వారం కట్టిద్దామనుకుంటున్నాం. ద్వారం కట్టండి, కాదనను. దానితోపాటు ఆరో తరగతి నుంచి ప్రతి పిల్లకీ, పిల్లాడికీ ఈత నేర్పే ఏర్పాటు చేద్దాం. దగ్గరి ఊళ్ళో కొలను అద్దెకి తీసుకుందాం, నేర్పే మనిషికి జీతమిద్దాం. రేవు దాటి వచ్చే పిల్లలకి లైఫ్ జాకెట్లు కొందాం. మొదటి మూడేళ్ళ ఖర్చు మా బ్యాచ్ వాళ్ళం పెట్టుకుంటామని నిన్న రాత్రే మాట్లాడుకున్నాం. ఆ తర్వాతి సంవత్సరాలు మీవి.

మా అన్న పేరు పెట్టమని అడగను. అలాంటి అన్నలు ఈ ఊళ్ళో చాలా ఇళ్ళలో ఉన్నారు.

మాస్టారూ, ఆ రోజు నేను చెప్పిన జవాబు తప్పే. కానీ తలుపు తీసే మనిషి లేకపోతే పడవ ఎంతసేపైనా కిందే ఉంటుందని ఇన్నేళ్ళకి తెలిసింది. మాకు తలుపు తీసింది మీరు.