విడిభాగాల బండి, నిండు బండి
(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మా మనుమడు పాత భాగాలు కూర్చి ఒక మోటారుసైకిలు తయారు చేసుకుంటానంటున్నాడు. "తాతా, నువ్వూ చేసినవు కదా" అని నన్నే సాక్ష్యం పెట్టాడు. వాడికి చెప్పిన మాటలే మీకూ మనవి చేస్తాను.

1983లో నేను కోరుట్లలో వ్యవసాయ శాఖ ఉద్యోగిని. రోజూ సైకిలు మీద ఊళ్ళు తిరగాలి. జగిత్యాలలో ఒకరు నడిచే పాత రాజ్‌దూత్‌ను 4,500 రూపాయలకు ఇస్తామన్నారు. అంత సొమ్ము ఒక్కసారి ఎక్కడ తేవాలి? అందుకని భాగాలుగా కొనడం మొదలుపెట్టాను.

ఆ పనికి రాజ్‌దూత్ 175 అనువైన బండి. పోలండు దేశపు నమూనా ఆధారంగా ఎస్కార్ట్స్ కంపెనీ తయారుచేసింది. ఒకే సిలిండరు, టూ స్ట్రోకు ఇంజను. వాల్వుల బాధ లేదు. పెట్రోలులోనే ఆయిలు కలిపి పోస్తే చాలు.

జగిత్యాలలో రిజిస్ట్రేషను పుస్తకంతో సహా ఫ్రేము 900 రూపాయలు. సిరిసిల్లలో మరమగ్గాలు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గర ఇంజను 1,200. ఆయన బండికి లారీ తగిలి ఫ్రేము వంగిపోయింది, ఇంజను మాత్రం బాగుంది. ఫోర్కు, చక్రాలు 650. టైర్లు, ట్యూబులు 400. సిలిండరు బోరు చేయించి ఓవర్‌సైజు పిస్టను వేయించడానికి 250. టంకీ, సీటు, వైరింగు 200. మొత్తం 3,600. రెండేండ్లు పట్టింది. తొమ్మిది వందలు మిగిల్చానని ఇంట్లో గొప్పగా చెప్పాను.

మా ఇంటావిడ క్యాలెండరు వెనుక రాసిన లెక్క తీసింది. కథలాపూర్, వేములవాడ మీదుగా సిరిసిల్ల వెళ్ళివచ్చిన బస్సు చార్జీలు, లేతు కూలీ, సైజు కుదరక రెండోసారి కొన్న సామాను కలిపితే 4,700! "రెండు వందలు ఎక్కువే పెట్టారు" అన్నది. నిజమే. అయితే ఆ సొమ్ము వడ్డీ లేకుండా నెలకింత చొప్పున పెట్టాను. విడిభాగాల బండిలో లాభం ధరలో లేదు, ఆ వాయిదాలో ఉంది.

అసలు చిక్కు 1986లో వచ్చింది. దారిలో తనిఖీకి ఆపారు. చాసిస్ నంబరు పుస్తకంతో కలిసింది, ఇంజను నంబరు కలవలేదు. ఆ మార్పును నేను పుస్తకంలో ఎక్కించుకోలేదు. కొన్న రసీదూ లేదు. దొంగ ఇంజనేమోనని అనుమానం. మనది సర్కారు నౌకరి, కేసయితే సస్పెన్షనే. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరమూ అన్నం తినలేదు.

సిరిసిల్లకు కబురు పంపాను. పెద్దాయన పని ఆపుకొని మొదటి బస్సుకే వచ్చాడు. సంచిలోంచి తన పాత బండి పుస్తకం తీసి ముందు పెట్టాడు. "ఫికర్ చేయకుండ్రి సారూ, అమ్మింది నేనే కదా" అన్నాడు. నంబరు కలిసింది. చార్జీ ఇవ్వబోతే తీసుకోలేదు. తర్వాత రవాణా కార్యాలయంలో ఆ మార్పును నమోదు చేయించుకున్నాను.

ఆ మూడు ఊళ్ళూ అప్పుడు కరీంనగర్ జిల్లాలోవే. 2016లో జగిత్యాల, సిరిసిల్ల వేరువేరు జిల్లాలయ్యాయి. చట్టమూ మారింది. 1989 జూలై 1న అమల్లోకి వచ్చిన మోటారు వాహనాల చట్టం ప్రకారం ఇంజను మార్చాలంటే రిజిస్టరింగ్ అధికారి అనుమతి కావాలి. సొంత బండి రిజిస్ట్రేషను పదిహేనేండ్లు చెల్లుతుంది, ఆ పైన రెన్యువలు చేయించాలి. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు తప్పనిసరి.

నిండు బండి కొంటే ఒక్క పుస్తకం చూసుకుంటే సరిపోతుంది. భాగాలుగా కొంటే ప్రతిదానికీ రసీదు మనమే అడగాలి. బ్రేకు లైనర్లు, టైర్లు, చైను మాత్రం పాతవి కొనకూడదు. అక్కడ మిగిల్చే రూపాయి ప్రాణం మీదికి తెస్తుంది. నాకు దొరికిన పెద్దాయన అందరికీ దొరకడు.

ఇదంతా విని మా మనుమడు నోటుపుస్తకం తెచ్చి మూడు గడులు గీశాడు. ఒకటి ధర, రెండోది రసీదు. మూడోది ఏమిట్రా అంటే, "నానమ్మ లెక్క" అన్నాడు. ఇక వాడి బండికి భయం లేదు.