బరువు, కీలు, గుండె
(పాఠశాల వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయుల ప్రసంగము)



మన పై తరగతుల బాలురు పలువురు సాయంకాలము జిమ్‌లకు పోవుచున్నారు. "బరువులెత్తినచో పొడవెదుగడు, మాన్పింపుడు" అని కొందరు మాతో చెప్పిరి. మరికొందరు కండలు చూచి మురిసి, ఎంత బరువైనను ఎత్తనిచ్చుచున్నారు. ఈ రెండును సరికావని మా అభిప్రాయము.

శిక్షకుని కనుసన్నల, తగిన బరువుతో చేయు వ్యాయామము ఎదుగుదలను ఆపదు. శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్సులో స్నాచ్ అను ఎత్తున 110 కిలోలు, రెండవ ఎత్తున 130 కిలోలు ఎత్తి కాంస్యపతకము గెలిచెను. ఒలింపిక్ పతకము పొందిన తొలి భారతీయ మహిళ ఆమెయే. స్నాచ్‌లో నేలమీది కడ్డీని ఒక్క ఊపున తలపైకెత్తి, దాని క్రింద గొంతుకూర్చుండి, పిదప లేవవలెను. భుజము, తుంటి, మోకాలు, చీలమండ, వీనిలో ఏ ఒక్కటి బిగిసియున్నను అది కుదురదు.

కీళ్ళలో ఎముకల కొనలను కప్పియుండు మృదులాస్థికి రక్తనాళములు లేవు. కీలు కదలినపుడే అందలి ద్రవము వలన దానికి పోషణ అందును. కండ త్వరగా బలపడును; కండను ఎముకకు కట్టియుంచు బంధము మెల్లగా బలపడును. కావుననే తొందరపడి బరువు పెంచిన బాలునికి మోకాళ్ళు, భుజములు నొచ్చును. కడ్డీ ముట్టుటకు ముందు పది నిమిషములు కీళ్ళు కదల్చి, బరువు లేకుండ బస్కీలు తీయవలెను. ఇంట నేలమీద కూర్చొని భుజించుటయు మంచి అభ్యాసమే.

ఇక గుండె మాట. వీరఘట్టమున జన్మించి, 1942లో మన ఒడిశాలోని బలంగీరున కన్నుమూసిన కోడి రామమూర్తి నాయుడుగారు రొమ్మునకు చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి పూరించి తెంచెడివారు. అది చిరకాల సాధనా ఫలము. ఊపిరి బిగబట్టుటయే బలమని బాలురు తలపరాదు. 1985లో కెనడా శాస్త్రజ్ఞులు ఐదుగురు వస్తాదులు కాళ్ళతో గొప్ప బరువు నెట్టునపుడు రక్తపోటు కొలిచిరి. విశ్రాంతిలో 120/80 ఉండదగినది సగటున 320/250కి పెరిగెను. ఆ పోటు క్షణికమే. కాని లోపమున్న గుండెకు అదియే ముప్పు. కావున ఎత్తునపుడు ఊపిరి విడువవలెను, దింపునపుడు పీల్చవలెను.

బరువులు మాత్రమే గుండెకు చాలవు. 5 మొదలు 17 ఏండ్ల వారు దినమునకు సగటున 60 నిమిషములు నడక, పరుగు, ఆటలవంటి శ్రమ చేయవలెననియు, వారమునకు మూడు దినములైన కండలకు, ఎముకలకు బలమిచ్చు వ్యాయామము అందు చేరవలెననియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో తెలిపినది. కండలు పెంచు స్టెరాయిడ్ సూదులు గుండెనే చెరచును; వాని జోలికి పోనీయకుడు.

తల్లిదండ్రులారా, మిమ్ము కోరునది ఇది. కుమారుని "ఎన్ని కిలోలెత్తితివి?" అని మాత్రమే అడుగక, "మడమలు నేలనాన్చి గొంతుకూర్చుండగలవా? ఆయాసపడక మైలు దూరము పరుగెత్తగలవా?" అనియు అడుగుడు. వ్యాయామవేళ రొమ్ము నొచ్చినను, కన్నులు తిరిగి పడినను, వంశమున చిన్న వయసున గుండెజబ్బుతో మరణించినవారున్నను, ముందు వైద్యునికి చూపి పిదప కడ్డీ పట్టనిండు. ఈ మాటలు బడిలో మేము చెప్పుదుము. ఇంట మీరు చెప్పిననే నిలుచును.