బొమ్మెకు తగిన ఎర



జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల పెద్దలలో చిన్ననాట గాలము పట్టనివారు అరుదు. వెదురు కర్ర, దారము, బెండు, ముల్లునకు గ్రుచ్చిన ఎర్ర: ఇంతే ఆనాటి సామగ్రి. నేడు బజారున రబ్బరు కప్పలు, తళుకు రేకులు, ప్లాస్టిక్కు చేపలు వచ్చినవి. దారమును మారినది, సిరిసిల్ల మగ్గములకు పేరు తెచ్చిన నూలు గాదు, నైలాను. వీనిలో ఏది కొనవలెనని పిల్లలు మనలనే అడుగుచున్నారు. అంగడివానిని అడుగుటకు ముందు చేపను అడుగుడని నేను చెప్పుదును.

ఇది క్రొత్త బుద్ధి కాదు. కల్యాణి చాళుక్య ప్రభువగు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దమున సంస్కృతమున రచించిన మానసోల్లాసమునందు గాలపు వేటను గూర్చిన భాగము కలదు. రాజుగారు చేపల మేతలను సయితము విడువక వర్ణించిరి.

మన చెరువులలో మేటి వేటగాడు బొమ్మె. కొర్రమీనన్నను అదియే. 2016లో తెలంగాణమునకు రాష్ట్ర చేపగా ప్రకటింపబడినది. దీనికి మొప్పలు మాత్రమే చాలవు. గాలి పీల్చుటకు నీటిపైకి రాక తప్పదు. తుంగయు తామరాకులును గల గట్టువార నీటిలో పొంచియుండి, పైన కదలినదానిపై దుముకును. కావున దీని ఎర పైననే తేలవలెను, కదలవలెను. రబ్బరు కప్ప ఇందుకు మిక్కిలి తగినది. కొనునపుడు రంగు చూడకుడు. ముండ్లు కప్ప వీపునకు ఆనుకొని యున్నవో లేవో చూడుడు. అట్లుండినచో ఆకులకు తగులుకొనక జారిపోవును. చేప నొక్కినపుడే ముల్లు బయటపడును. ఒక ఆకుపై వేసి, మెల్లగ నీటిలోనికి లాగి, క్షణమాగి, మరల కదపవలెను. బొమ్మె పట్టిన చప్పుడు వినగానే లాగువాడు వట్టి కప్పనే ఇంటికి తెచ్చుకొనును. రెండు మూడు లెక్కించి, దారము బిగిసిన పిమ్మట లాగుట మేలు.

బ్రదికిన కప్పను గ్రుచ్చు పద్ధతి నాకు రుచింపదు. ఆ కప్ప పొలమున పురుగులను తిని మనకు మేలు చేయునది.

వాలుగ సంగతి వేరు. ధర్మపురి యొద్ద గోదావరిలోను, మానేరు జలాశయములలోను లోతున తిరుగును. పొడవైన మీసములతో తడవికొనుచు, ముఖ్యముగ రాత్రివేళ మేతకు బయలుదేరును. దానికి తేలు కప్ప ఏల? ప్రొద్దుగ్రుంకిన పిమ్మట వాసనగల చేపముక్కను సీసపు గుండుతో అడుగునకు దింపవలెను. దాని సన్నని పండ్లు దట్టములు. ముల్లునొద్ద జానెడు లోహపు తీగ లేనిచో దారము ఒరసికొని తెగును.

నీటిని బట్టియు ఎర మారును. తేటనీట చిన్న చేపపిల్లను బోలినది చాలును. వాననీరు కలసి ఎర్రబడిన చెరువులో చేప కంటితో కంటె అలజడిచేతనే ఎరను గుర్తించును. అచట నీటిని చిమ్ముచు చప్పుడు చేయునది మేలు. చెరువు మత్స్యకారుల సహకార సంఘమునదైనచో వారి అనుమతి ముందుగ పొందవలెను. అందు చేపలు వారి జీవనాధారము.

ఇక నేను ముఖ్యముగ చెప్పదలచినది. మృగశిర కార్తెనాడు చేప తినుట మన ఆచారము. బొమ్మెకు ఆనాడు గిరాకి ఎక్కువ. అయితే తొలకరితోడనే అది గుడ్లు పెట్టనారంభించును. తల్లిదండ్రులు రెండును గుడ్లను, పిమ్మట పిల్లలను కావలి కాయును. ఎర్రని పిల్లలు వందలుగ గుంపుగూడి నీటిపైన ముద్దవలె కదలుచుండును. పెద్దచేప వాటి క్రిందనే యుండును. ఆ గుంపుపై ఏ ఎర వేసినను అది వెంటనే పట్టును. ఆకలిచేత గాదు, పిల్లలమీది మమకారముచేత. అంతమాత్రమున ఎర మంచిదని పొంగుట తగదు. కావలి తొలగిన పిల్లలను ఇతర చేపలు, కొంగలు పూటలోనే మ్రింగివేయును. ఒక్క చేపకై వందల చేపలు పోయినట్లగును.

ఆషాఢ శ్రావణములలో ఎర్రని గుంపు కనబడిన మూలను విడిచి గాలము వేయవలెనని మీ ఊరి యువకులకు చెప్పుడు. పిల్లలు ఎరుపు మాసి, విడివిడిగ తిరుగువరకే ఈ నియమము. అంతవరకు చెరువునకు ఆవలి గట్టు ఉండనే యున్నది.