పాత సైకిలు



తెలుగు పండితుడు మైక్రోఫోను ముందు కూర్చున్నచో ఛందస్సును గూర్చియో, ప్రబంధములను గూర్చియో చెప్పునని మీరనుకొనుట సహజము. నేను నేడు పాత సైకిళ్ళను గూర్చి చెప్పదలచితిని. ముప్పదిరెండేండ్లు బడిలో సంధులును సమాసములును బోధించి, ఉద్యోగవిరమణానంతరము ఉప్పలునకు తూర్పున నున్న నారపల్లిలో స్థిరపడితిని. మా యింటి వసారాలో పుస్తకముల బీరువా ప్రక్కనే యిప్పుడు మూడు సైకిళ్ళు, ఒక గ్రీసు డబ్బా, నాలుగు పానాలు నున్నవి.

పాత సైకిళ్ళను కొని, బాగుచేసి, బడికి దూరమునుండి నడచివచ్చు పిల్లలకిచ్చుట నా వ్యాపకము. మెట్రోరైలు 2017 నవంబరునుండి ఉప్పలు మీదుగా పోవుచున్నదిగాని, మా బోడుప్పలు, చెంగిచర్ల, నారపల్లి లోపలి దారులకది రాదుగదా! బీహారు ప్రభుత్వము 2006 నుండి తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిలు కొనుటకు ధనమిచ్చినది. దానివలన ఉన్నత పాఠశాలలలో చేరు బాలికల సంఖ్య గణనీయముగా పెరిగినట్లు అర్థశాస్త్రజ్ఞులు లెక్కించిరి. ప్రభుత్వము చేయు పని పెద్దది. నాది ఉడుత సాయము. ఇంతవరకు పదునాలుగు సైకిళ్ళను బాగుచేసితిని. వానిలో పండ్రెండు నాకు సంతోషమునిచ్చినవి. రెండు నాకు బుద్ధి చెప్పినవి.

ముందుగా, పాత సైకిలు బాగుపడునా యను సందేహము తీర్చెదను. మనము నేడు తొక్కు సైకిలు రూపము 1885లో ఇంగ్లండున స్టార్లీ యనునాతడు తయారుచేసిన రోవరు సైకిలుతో స్థిరపడినది. 1888లో డన్లపు గాలిటైరును కనిపెట్టెను. ఆ పిమ్మట మార్పులెన్ని వచ్చినను, మన పాలవాడును తపాలాబంట్రోతును తొక్కిన నల్ల సైకిలు మాత్రము పెక్కేండ్లు మారక నిలిచినది. మన దేశమున మదరాసులో టీ.ఐ. సైకిళ్ళ సంస్థ 1949లోను, సోనీపతులో అట్లాసు 1951లోను, లూధియానాలో హీరో 1956లోను వెలసినవి. పేర్లు వేరైనను కొలతలొక్కటే. ఇరువదియెనిమిది అంగుళముల టైరు ఎవరి చక్రమునకైనను పట్టును. సాహిబాబాదులోని అట్లాసు కర్మాగారము 2020 జూన్ 3వ తేదీన మూతపడినది. అది ప్రపంచ సైకిలు దినోత్సవమగుట విధివైచిత్ర్యము. అయినను అట్లాసు సైకిలున్నవాడు చింతింపనక్కరలేదు. దాని చైను, గిన్నెలు, గుండ్లు నేటికిని అంగడిలో దొరకును.

కొనునప్పుడు చూడవలసిన వానిని చెప్పెదను. చక్రమును పైకెత్తి త్రిప్పి, ఫోర్కు ప్రక్కన సుద్దముక్కను పట్టుకొనుడు. రిమ్ము ఏ ప్రక్కకు వంగినదో ఆ ప్రక్కనే సుద్ద అంటుకొనును. అంటుకొన్న వైపు పుల్లలను కొంచెము సడలించి, ఎదుటి వైపు పుల్లలను బిగించినచో వంకర తీరును. ఒక్కొక్కసారి పావుచుట్టు మించరాదు. చైనులో ఇరువదినాలుగు లంకెలు సరిగా పండ్రెండంగుళములుండవలెను. దానిపై అంగుళములో ఎనిమిదవ పాలు పెరిగినచో చైను సాగినదని యర్థము, దానిని మార్చవలసినదే. ఇరుసులలోని గుండ్లు గరగరలాడినచో క్రొత్తవి వేసి గ్రీసు పట్టింపవచ్చును. ఇవన్నియు తీరెడి దోషములు.

నాకీ విద్య వెంటనే అబ్బినది కాదు. మొదటి సైకిలునకు ఎడమ పెడలును ఊడదీయవలెనని పానాపట్టి ఒక జాము పెనుగులాడితిని. తుదకు ఉప్పలులోని మెకానికు చూచి నవ్వి, “సార్, ఎడమ పెడలుకు మర ఉల్టా ఉంటది. మీరెంత బలం పెడితే గంత బిగుస్తది” అనెను. ముప్పదిరెండేండ్లు ఇతరుల తప్పులు దిద్దినవానికి ఆ పాఠము మేలే చేసినది.

నా పండిత భాషలో చెప్పవలెనన్న, సైకిలునకు ఫ్రేము ధాతువు, తక్కినవన్నియు ప్రత్యయములు. ప్రత్యయము తప్పినచో దిద్దుకొనవచ్చును. ధాతువే చెడినచో పదమే లేదు. ఈ మాట నేను మొదట పుస్తకములో నేర్చితిని. పిమ్మట ఒక బాలుని చేతి యెముక చూచి నేర్చితిని.

నా మూడవ సైకిలు నిగనిగలాడు రంగుతో వచ్చినది. అమ్మినవాడు క్రొత్తగా రంగు వేయించితినని చెప్పగా, సంతోషించి మారుబేరమాడక కొంటిని. బ్రేకులు సరిచేసి, చెంగిచర్లనుండి నడచివచ్చు పదవ తరగతి బాలునకిచ్చితిని. పదునొకండవ దినమున, పల్లములో దిగుచుండగా, హ్యాండిలు క్రింది అతుకువద్ద ఫ్రేము విరిగి బాలుడు ముందునకు పడెను. మణికట్టు విరిగినది. ఆరువారములు కట్టుతోనుండి, ఆ యేడు ముందస్తు పరీక్షలు వ్రాయలేకపోయెను.

నేను విరిగిన ముక్కను తెచ్చి వెలుగులో చూచితిని. ఆ గొట్టపు ముఖమున ముప్పాతిక భాగము తుప్పుపట్టి నల్లగానుండెను. పాతిక భాగము మాత్రము వెండివలె మెరయుచుండెను. తుప్పు ఎన్నో నెలలనాటిది. మెరుపు ఆ యుదయమునాటిది. అనగా పగులు మునుపే యున్నది. ఎవరో దానిపై లప్పము పూసి రంగు వేసిరి. బాలుని తల్లిని చూడబోయి తలవంచుకొని నిలుచుంటిని. “మీరు మంచికే ఇచ్చిండ్రు సార్” అని యామె నాకు మంచినీళ్ళిచ్చెను. ఆమె నిందించినచో నాకు కొంత భారము తగ్గియుండెడిది.

ఆనాటినుండి రంగుచూచి కొనుట మానితిని. సైకిలును తలక్రిందుగా నిలిపి, అతుకులవద్ద గోటితో గీకి చూచెదను. రంగు ముడుతపడినచోట అనుమానించెదను. వెనుక ఇరుసు పట్టునుండి ఒక దారమును తీసి, హ్యాండిలు గొట్టము చుట్టు త్రిప్పి, రెండవ వైపు ఇరుసు పట్టునకు బిగించి, నడుమ సీటు గొట్టమునకు ఇరువైపుల దారము ఎంతెంత దూరమున్నదో కొలిచెదను. రెండు కొలతలు సమానముగానున్నచో ఫ్రేము సూటిగానున్నది. లేనిచో ఎంత చవకగా వచ్చినను వద్దనెదను.

ఇక రెండవ పాఠము. తొమ్మిదవ సైకిలును ఒక వారపు సంతలో తొమ్మిదివందల రూపాయలకు కొంటిని. ఫ్రేము దృఢముగానున్నది, దారము పరీక్షలో నెగ్గినది. చీటీ యడిగితిని, అమ్మినవాడు “పాత సైకిలుకు చీటీ ఏంది సార్” అని నవ్వెను. నేనును నవ్వి ఊరకుంటిని. ఇంటికి తెచ్చి క్రొత్త టైర్లు వేసి, పెడళ్ళ ఇరుసు తిరుగు గొట్టము అడుగున మూడు చిన్న గుంటలుండగా, అవి లోపములనుకొని లప్పముతో పూడ్చి, నల్లరంగు వేసితిని.

పరీక్షార్థము దానిని తొక్కుచు ఒక సాయంకాలము నాచారం పారిశ్రామికవాడ దారిన పోవుచుంటిని. ఏబదియేండ్ల మనిషి యొకడు పరుగున వచ్చి హ్యాండిలు పట్టుకొనెను. “సారూ, ఏమనుకోకుండ్రి, గీ సైకిలు నాది” అనెను. నాకు కోపము వచ్చినది. “ఏమి గురుతు?” అంటిని. “క్రింద మూడు చుక్కలుంటయి. మేకుతోని నేనే కొట్టిన” అని చెప్పెను.

నేను సైకిలును పండబెట్టి, జేబులోని నాణెముతో రంగును గీకితిని. లప్పము రాలినది. మూడు చుక్కలు బయటపడినవి.

అతడు ఒక కార్మాగారములో రాత్రి కావలి. సైకిలు పోయిన పిదప రాత్రివేళ బస్సు దొరకక నడచుచు, ఆలస్యమైన దినములకు కూలి పోగొట్టుకొనుచుండెను. అతనివెంట అతని యింటికి పోయితిని. పెట్టె అడుగునుండి సైకిలు కొన్న చీటీ తెచ్చి చూపెను. దానిలోని అంకె సీటు గొట్టముమీది అంకెతో సరిపోయినది. సైకిలు అతని గుమ్మమున నిలిపి వచ్చుచుండగా అతడు వెనుకనుండి పిలిచి, “టైర్లు మీరేసినవి గద, గవి ఎంత సార్?” అని యడిగెను. నేనేమియు పుచ్చుకొనలేదు. కాని ఆ ప్రశ్న నన్ను వదలలేదు. సొమ్ము పోగొట్టుకొన్నవాడు నా టైర్ల ధర యడిగెను; చదువుకొన్న నేను అమ్మినవానిని ఒక చీటీకై రెండవమారు అడుగనైతిని!

మొదటి సైకిలులో ఇతరుల లప్పము నన్ను మోసగించినది. రెండవదానిలో నా లప్పమే ఒక పేదవాని సాక్ష్యమును కప్పినది.

దొంగసొత్తని తెలిసియో, తెలియుటకు తగిన కారణముండియో కొనుట నేరము. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలో 317వ సెక్షను దానిని గూర్చి చెప్పుచున్నది. కాని చట్టము మాట యటుంచుడు. సగము ధరకును తక్కువకు, చీటీ లేక, చీకటివేళ అమ్మజూపు సైకిలు తన కథను తానే చెప్పుచున్నది. వినుటకు మనకిష్టములేదు, అంతే.

కావున పాత సైకిలు కొనగోరువారికి నా మనవి యిది. తుప్పునకు, వంకరకు, అరిగిన చైనునకు భయపడకుడు. అవి పదిదినములలో తీరును. మరమ్మతులేని దోషములు రెండే. ఒకటి పగిలిన ఫ్రేము. రెండవది అమ్మువానికి హక్కులేని సొత్తు. ఈ రెండింటిని చూచిన పిమ్మటనే ధర యడుగుడు. రంగు కడపటి పనిగానుండనిండు.

ఇప్పుడు నాయొద్ద ఒక నోటుపుస్తకమున్నది. సైకిలు అంకె, అమ్మినవాని పేరు, ఊరు, తేదీ, సంతకము లేనిదే సైకిలు మా గడప దాటి రాదు. దానినిచ్చునప్పుడు బాలునకు కూడ నొక చీటీ వ్రాసియిచ్చెదను. మణికట్టు విరిగిన బాలుడు మరుసటియేట పరీక్ష నెగ్గి, ఆదివారములందు మా వసారాకు వచ్చి పుల్లలు బిగించుచున్నాడు. ఫ్రేమును గోటితో గీకి చూచుటలో నాకంటె వానికే శ్రద్ధ యెక్కువ.

తుదకొక్క మాట. ఉప్పలు, నాచారములలోని అపార్టుమెంట్ల సెల్లార్లలో పిల్లలు ఎదిగిపోగా విడిచిన సైకిళ్ళెన్నో దుమ్ముపట్టియున్నవి. కావలివాడు తీసికొనిపొమ్మన్నంతమాత్రమున నేను ముట్టను. అతడు సొంతదారు కాడుగదా! అట్టి సైకిలు మీదై, మీకక్కరలేనిదైనచో, మీ చేతులతో ఒక చీటీ వ్రాసి, నడచివచ్చు పిల్లవానికొకనికి ఇప్పింపుడు. చీటీలో రెండు వాక్యములు చాలును. ఆ పిల్లవాడు దారిలో ఎవరైన ఆపి యడిగినప్పుడు తలయెత్తి సమాధానము చెప్పగలుగును.

సెలవు.