పొయ్యి వెలగని ఇంటికి ఒక గిన్నె: స్లో కుక్కర్‌లో చీజీ పొటాటో క్యాసరోల్

ఈరోజు ఎపిసోడ్‌లో కోడింగ్ లేదు, కెరీర్ గోల లేదు. ఒక వంట చేద్దాం. పేరు చీజీ పొటాటో క్యాసరోల్. అమెరికా వంటకం. అన్నీ ఒక గిన్నెలో కలిపి, స్లో కుక్కర్‌లో వేసి, మూత పెట్టి మన పని మనం చూసుకోవడమే. బీటెక్ హాస్టల్‌లో మ్యాగీ చేసినవాళ్ళెవరైనా చేసేయొచ్చు.

కానీ దీనికి అమెరికాలో, ముఖ్యంగా యూటా రాష్ట్రంలో, ఇంకో పేరుంది. ఫ్యునరల్ పొటాటోస్. తెలుగులో చెప్పాలంటే చావింటి ఆలుగడ్డలు. పేరు వినగానే మొహం అలా పెట్టకండి. ఆ పేరు ఎందుకొచ్చిందో తెలిస్తేనే ఈ వంట ఇలా ఎందుకు చేస్తారో అర్థమవుతుంది.

యూటాలో చాలామంది లేటర్ డే సెయింట్స్ అనే చర్చికి చెందినవాళ్ళు. వాళ్ళ చర్చిలో రిలీఫ్ సొసైటీ అని ఆడవాళ్ళ సంఘం ఉంటుంది. ఎవరింట్లోనైనా మనిషి పోతే, అంత్యక్రియలు అయ్యాక ఆ కుటుంబానికి, వచ్చిన చుట్టాలకి భోజనం ఈ సంఘంవాళ్ళే చూసుకుంటారు. ఆ భోజనంలో ఈ ఆలుగడ్డల వంటకం ఉండి తీరాల్సిందే. ఎందుకంటే చావు కబురు ముందు చెప్పి రాదు కదా. ఫ్రీజర్‌లో తురిమిన ఆలుగడ్డల ప్యాకెట్, అల్మారాలో ఒక సూప్ డబ్బా, ఫ్రిజ్‌లో చీజ్, ఇవి ఎప్పుడూ ఇంట్లో ఉండేవే. షాపుకి పరిగెత్తక్కర్లేదు. పైగా చిన్నపిల్లల నుంచి పళ్ళు లేని తాతల దాకా అందరూ తినగలరు. ఇది అక్కడ ఎంత ఫేమస్ అంటే, 2002లో సాల్ట్ లేక్ సిటీలో వింటర్ ఒలింపిక్స్ జరిగినప్పుడు ఈ వంటకం బొమ్మతో పిన్నులు కూడా వేశారు. మనం పుల్లారెడ్డి స్వీట్స్ డబ్బా బొమ్మతో బ్యాడ్జీ వేసుకున్నట్టు అనుకోండి.

మన దగ్గర కూడా ఉంది కదా ఇది. చాలా ఊళ్ళల్లో మనిషి పోయిన ఇంట్లో ఆ రోజు పొయ్యి వెలిగించరు. పక్కింటివాళ్ళో, బంధువులో అన్నం, పప్పు, చారు క్యారియర్‌లో పట్టుకొస్తారు. "కాస్త ఎంగిలి పడమ్మా" అని బతిమాలతారు. ఆ మాటకి ఇంగ్లీషులో సరైన మాట నాకు ఇప్పటికీ దొరకలేదు.

ఇప్పుడు కుక్కర్ సంగతి. ఈ వంటకం అసలు ఓవెన్‌లో చేసేది. తర్వాత స్లో కుక్కర్‌లోకి వచ్చింది. ఈ స్లో కుక్కర్ కథ కూడా దాదాపు ఇలాంటిదే, వినండి. ఇర్వింగ్ నాక్సన్ అని అమెరికాలో ఒక యూదు ఇన్వెంటర్. వాళ్ళ అమ్మ లిథువేనియాలోని విల్నా నుంచి వచ్చినావిడ. యూదులకి శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం సాయంత్రం దాకా సబాత్. అప్పుడు నిప్పు వెలిగించకూడదు. మరి వేడి తిండి ఎలా? అందుకని శుక్రవారమే చోలెంట్ అనే కూరని కుండలో పెట్టి, ఊళ్ళో బేకరీవాడి పొయ్యిలో ఉంచేవాళ్ళు. పొయ్యి ఆరిపోతూ ఉంటే ఆ మిగిలిన వేడికి రాత్రంతా ఉడికేది. అమ్మ చెప్పిన ఈ ముచ్చట విని ఈయన కరెంటుతో అలాంటి కుండ చేశాడు. 1940లో పేటెంట్ వచ్చింది. 1970లో రైవల్ అనే కంపెనీ కొనుక్కుని, 1971లో క్రాక్‌పాట్ అని పేరు పెట్టి అమ్మితే దేశమంతా పాకిపోయింది. అంటే ఇది పుట్టిందే నిప్పు వెలిగించకూడని ఇంటి కోసం.

నేను దీన్ని మొదటిసారి తిన్నది కూడా అలాంటి ఇంట్లోనే. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఆన్‌సైట్‌కి ఏడు నెలలు సాల్ట్ లేక్ సిటీ పక్కన ఉన్నాను. ముగ్గురం ఒక అపార్ట్‌మెంట్. ఒక రాత్రి మా రూమ్మేట్‌కి ఊరి నుంచి ఫోన్ వచ్చింది, నాన్న పోయారని. వాడి వీసా స్టాంపింగ్ అయిపోయింది. ఇండియా వెళ్తే మళ్ళీ స్టాంపింగ్ పడేదాకా తిరిగి రాలేడు. ఇంటి మీద అప్పుంది. వాళ్ళన్నయ్యే "నువ్వు రావద్దురా, నేను చూసుకుంటా" అన్నాడు. వాడు తండ్రి దహనం వీడియో కాల్‌లో చూశాడు. ఫోన్ గోడకి ఆనించి, నేల మీద కూర్చుని. మధ్యలో రెండుసార్లు సిగ్నల్ పోయింది. ఇది చూస్తున్నవాళ్ళలో కొంతమందికి నేను వివరించక్కర్లేదు.

మర్నాడు సాయంత్రం కింద ఫ్లోర్‌లో ఉండే పెద్దావిడ తలుపు కొట్టారు. చేతిలో తువ్వాలు చుట్టిన స్లో కుక్కర్. "ప్లగ్ పెట్టండి, వార్మ్‌లో ఉంచండి, ఎవరికి ఎప్పుడు ఆకలైతే అప్పుడు తినండి" అని చెప్పి, లోపలికి కూడా రాకుండా వెళ్ళబోయారు. ఏమేం వేశారు ఆంటీ అని అడిగితే చెప్పారు. ఆలుగడ్డ, చీజ్, సోర్ క్రీమ్, క్రీమ్ ఆఫ్ చికెన్ సూప్. మావాడికి మైల. పదకొండో రోజు దాకా నీచు ముట్టడు. వాడు థాంక్యూ ఆంటీ అని గిన్నె తీసుకుని, ఆవిడ వెళ్ళాక మాతో "మీరు తినండి, ఆవిడకి మాత్రం చెప్పొద్దు, బాధపడతారు" అన్నాడు.

మా మూడోవాడు ఊరుకోలేదు. కిందికెళ్ళి చెప్పేశాడు. ఆవిడేం నొచ్చుకోలేదు. ఎన్ని రోజులు, ఇంకా ఏమేం తినకూడదు అని అడిగి పేపర్ మీద రాసుకున్నారట. మర్నాడు ఇంకో గిన్నె. ఈసారి క్రీమ్ ఆఫ్ సెలరీ సూప్‌తో. ఖాళీ డబ్బా కూడా కడిగి తెచ్చారు, పదార్థాల లిస్టు మేమే చదువుకోవడానికి. వాడు భోజనాల టైమ్‌కి తినలేదు. రాత్రి రెండున్నరకి కిచెన్‌లో గరిటె చప్పుడు వినిపించింది. నేను లేవలేదు. గిన్నె వేడిగానే ఉందని తెలుసు.

సరే, చేద్దాం పదండి.

తురిమిన ఫ్రోజెన్ ఆలుగడ్డ, వాళ్ళు హ్యాష్ బ్రౌన్స్ అంటారు, 30 ఔన్సుల ప్యాకెట్ ఒకటి. మన లెక్కలో 850 గ్రాములు. కండెన్స్‌డ్ సూప్ ఒక డబ్బా. సోర్ క్రీమ్ 2 కప్పులు. చెడ్డార్ చీజ్ తురుము 2 కప్పులు. కరిగించిన బటర్ అర కప్పు. ఒక ఉల్లిపాయ సన్నగా తరిగి. మిరియాల పొడి. ఉప్పు మాత్రం చివర్లో రుచి చూసే వేయండి, సూప్‌లో, చీజ్‌లో ఉప్పు దండిగా ఉంటుంది. కుక్కర్ గిన్నెకి లోపల బటర్ రాసి, అన్నీ కలిపి వేసి, లోలో 4 నుంచి 5 గంటలు. హైలో అయితే రెండున్నర నుంచి 3 గంటలు. మధ్యమధ్యలో మూత తీసి చూడాలని చేయి దురద పెడుతుంది. తీయకండి. తీసిన ప్రతిసారీ ఆవిరి పోయి, మళ్ళీ వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది.

సూప్ డబ్బా మీద నీళ్ళు కలపమని ఉంటుంది. అది తాగడానికి. ఇక్కడ నీళ్ళు వద్దు, డబ్బాలో ఉన్నది ఉన్నట్టే వేయాలి. ఈ సూప్ రుచి కోసం మాత్రమే కాదు. అందులో పిండి పదార్థం ఉంటుంది. పులుపున్న సోర్ క్రీమ్‌ని ఉత్తగా గంటలకొద్దీ వేడి చేస్తే పాలు విరిగినట్టు విరిగిపోతుంది. ఆ పిండి ఉంటే విరగకుండా పట్టి ఉంచుతుంది. మన మజ్జిగ పులుసులో శనగపిండి ఎందుకు కలుపుతారు? సేమ్ లాజిక్. అమ్మమ్మలకి కెమిస్ట్రీ ఎవరూ చెప్పలేదు గానీ అంతా తెలుసు.

ప్యాకెట్‌ని ముందురోజు రాత్రే ఫ్రీజర్ నుంచి తీసి ఫ్రిజ్‌లో పెట్టండి. ఇది చాలామంది వదిలేసే స్టెప్. గడ్డకట్టినది అలాగే వేస్తే ఏమవుతుంది? 4 డిగ్రీల నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్యలో బ్యాక్టీరియా పండగ చేసుకుంటుంది. స్లో కుక్కర్ నిదానంగా వేడెక్కుతుంది కాబట్టి, ఐస్ ముద్ద వేస్తే పాలు, చీజ్ అన్నీ ఆ మధ్యలోనే గంటలు గంటలు ఉండిపోతాయి. దుఃఖంలో ఉన్న ఇంటికి ఫుడ్ పాయిజనింగ్ కూడా మోసుకెళ్ళినట్టవుతుంది. అదే కారణంతో, వార్మ్ అనే సెట్టింగ్ ఉడికినదాన్ని వేడిగా ఉంచడానికే. దాంతో వండకండి.

ఒక చిన్న సైడ్ ట్రాక్. ఎంఎస్‌కి వెళ్ళినవాళ్ళు స్లో కుక్కర్ కొనగానే చేసే మొదటి పని రాజ్మా. పచ్చి రాజ్మా నేరుగా అందులో వేయకండి ప్లీజ్. అందులో ఒక విషపదార్థం ఉంటుంది. తెర్లే నీళ్ళలో మరిగితేనే పోతుంది. తక్కువ వేడిలో అరకొరగా ఉడికితే ఇంకా పెరుగుతుంది. నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, స్టవ్ మీద 30 నిమిషాలు బాగా మరిగించాకే కుక్కర్‌లోకి. ఓకే, బ్యాక్ టు ఆలుగడ్డ.

చీజ్ ముక్క కొని మీరే తురుముకుంటే మంచిది. తురిమి అమ్మేదానికి అంటుకోకుండా పిండి చల్లుతారు, అందుకే సాఫీగా కరగదు. శాకాహారుల కోసం చేస్తుంటే ఇంకొకటి చూడాలి. అమెరికాలో కొన్ని చీజ్‌లలో రెన్నెట్ అని దూడ కడుపులోంచి తీసేది వాడతారు. ప్యాకెట్ మీద వెజిటేరియన్ అనో మైక్రోబియల్ అనో ఉంటే పర్లేదు. మన దేశంలో అయితే పచ్చ చుక్క చూస్తే చాలు.

పైన కార్న్‌ఫ్లేక్స్. చక్కెర పూతవి కాదు, సాదావి. ఓవెన్‌లో అయితే పైన చల్లి కాలుస్తారు. స్లో కుక్కర్‌లో చల్లితే మూతకి పట్టిన నీళ్ళు కారి అటుకుల ఉప్మా అయిపోతుంది. కాబట్టి విడిగా పెనం మీద రెండు చెంచాల బటర్‌లో చిదిమిన ఫ్లేక్స్ 2 కప్పులు ఎర్రగా వేయించి, వడ్డించేముందు చల్లండి. పోపు చివర్లో వేసినట్టు. అందులోనే రెండు ఎండుమిర్చి, కాస్త జీలకర్ర వేయండి. యూటావాళ్ళు ఒప్పుకోకపోవచ్చు, నాకైతే అలానే ఇష్టం.

ఇండియాలో చేసేవాళ్ళకి. అమెరికా నుంచి అక్క తెచ్చిన స్లో కుక్కర్‌ని పిన్ మార్చే అడాప్టర్ పెట్టి ప్లగ్‌లో గుచ్చకండి. అడాప్టర్ పిన్ను మారుస్తుంది, వోల్టేజ్‌ని కాదు. అది 120 వోల్టులకి చేసిన హీటర్. మన దగ్గర 230. పవర్ అంటే వి స్క్వేర్ బై ఆర్, ఫస్టియర్‌లో చదివాం. వోల్టేజ్ రెట్టింపు దగ్గరికి వెళ్తే వేడి మూడున్నర రెట్లు దాటుతుంది. స్లో కుక్కర్ కాస్తా ఫాస్ట్ కుక్కర్ అయ్యి, తర్వాత పొగ కుక్కర్ అవుతుంది.

కుక్కర్ లేకపోయినా పర్లేదు. ఆలుగడ్డలు తురిమి, నీళ్ళలో కడిగి, సగం ఉడికించి, గట్టిగా పిండేయండి. పచ్చివి వద్దు, పులుపులో ఆలుగడ్డ మెత్తబడటానికి చాలా టైమ్ పడుతుంది. సూప్ బదులు రెండు చెంచాల బటర్‌లో రెండు చెంచాల మైదా వేయించి, కప్పు పాలు పోసి చిక్కబెట్టండి. సోర్ క్రీమ్ బదులు గుడ్డలో కట్టి నీళ్ళు తీసిన పెరుగు, స్టవ్ కట్టేశాక కలపండి. మందపాటి గిన్నె, కింద పెనం, సన్న మంట, అరగంట. పనీర్ వేయొద్దు, అది కరగదు. బ్లాక్‌లా దొరికే ప్రాసెస్డ్ చీజ్ చక్కగా కరుగుతుంది.

మిగిలితే 2 గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి, 3 రోజులు బావుంటుంది. మళ్ళీ వేడి చేయడానికి మైక్రోవేవ్ గానీ పెనం గానీ వాడండి, స్లో కుక్కర్ కాదు.

ఇక ఎవరికైనా పట్టుకెళ్తుంటే, వండకముందే ఇంట్లో ఇంకొకరిని అడగండి, ఏం తినొచ్చు, ఏం తినకూడదు అని. బాధలో ఉన్న మనిషినే అడిగితే "ఏం వద్దులే" అంటారు. మూత మీద టేప్ అతికించి ఏమేం వేశారో రాయండి. గిన్నె తొందరగా తిరిగివ్వక్కర్లేదని కూడా రాయండి, లేకపోతే పాపం దాన్ని తోమి తెచ్చివ్వడం వాళ్ళకి ఇంకో పని. ఆ పెద్దావిడ కుక్కర్ మా దగ్గర మూడు వారాలుంది. తిరిగిచ్చినప్పుడు ఉత్త గిన్నె ఇవ్వకూడదని మావాడు అందులో పులిహోర కలిపిచ్చాడు. కారం ఎక్కువైందని ఆవిడ నీళ్ళు తాగుతూనే తిన్నారు.

అదీ సంగతి ఫ్రెండ్స్. నేను కుక్కర్ ఆన్ చేసి వెళ్తున్నా, ఇంకో నాలుగు గంటలు దీంతో పని లేదు. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.