ఆ ఫొటో ఇప్పుడు ఎవరి ఇంట్లో ఉంది?

(యువజన శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)

 

మీ అందరి చేతుల్లో ఫోన్లు ఉన్నాయి. పోడు భూమిలోకి జేసీబీ వచ్చి కందకం తవ్వుతుంటే, కాతకొచ్చిన పత్తి చేను పీకేస్తుంటే ముందుగా ఫోన్ తీసేది మీరే. మన అమ్మానాన్నల కాలంలో ఈ బలం లేదు. జరిగింది చెప్తే నమ్మే ఆఫీసరూ లేడు. కాబట్టి ఫొటోలు తీయండి, ఇంకా తీయండి. నేను అడిగేది ఆ తర్వాతి సంగతి. నిరుడు తీసిన ఆ ఫొటో ఇప్పుడు ఎక్కడుంది?

"గ్రూపులో పెట్టినం అన్నా, లింకు ఉంది" అంటారు. తమ్ముడూ, లింకు ఫొటో కాదు. అది చిరునామా మాత్రమే. ఫొటో ఎక్కడో ఒక కంపెనీ మిషన్‌లో ఉంటది. ఉచితంగా ఫొటో పెట్టుకోనిచ్చే వెబ్‌సైట్ల పద్ధతే అది. నువ్వు ఎక్కిస్తావు, వాళ్లు లింకు ఇస్తారు, ఆ లింకు నువ్వు నలుగురికీ పంచుతావు. కిరాయి లేని ఇల్లు. ఖాళీ చేయమన్న రోజు నీ దగ్గర పట్టా ఉండదు. ఇది మనకు తెలియని కథ కాదు కదా!

ఖాళీ చేయించిన సందర్భాలు చాలానే ఉన్నాయి. ఫొటోబకెట్ అనే సైట్ 2003 నుంచి ఉంది. 2017లో ఒక్కసారిగా నిబంధన మార్చింది. వాళ్ల దగ్గర పెట్టిన బొమ్మ వేరే పేజీలో కనపడాలంటే ఏడాదికి 400 డాలర్లు కట్టమంది. అంటే అప్పటి లెక్కన పాతిక వేల రూపాయలకు పైనే. ప్రపంచమంతటా లెక్కలేనన్ని పేజీల్లో బొమ్మలు మాయమయ్యాయి. ఫ్లికర్ ఉచిత ఖాతాకు వెయ్యి ఫొటోలే అని 2018లో ప్రకటించింది. టైనీపిక్ 2019లో మూతపడింది. గూగుల్ ఫొటోస్ ఉచితంగా ఎన్నైనా పెట్టుకోమంది, 2021 జూన్ నుంచి 15 జీబీ లెక్క మొదలుపెట్టింది. ఇమ్‌గర్ 2023లో, ఖాతా లేకుండా ఎక్కించి చాలాకాలం ఎవరూ చూడని పాత బొమ్మలను తీసేస్తామని చెప్పి మొదలుపెట్టింది. ఆ చివరిది గమనించండి. ఖాతా లేకుండా, తొందరలో ఎక్కించి, తర్వాత ఎవరూ తెరవనివి. మన ఫొటోలు చాలావరకు అట్లాంటివే.

కంపెనీలను తిట్టడానికి చెప్పడం లేదు. వాళ్లది వ్యాపారం, మనకేమీ మాట ఇవ్వలేదు. కానీ మన కేసులు వాళ్ల వ్యాపారం కంటే ఎక్కువ కాలం నడుస్తాయి. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. ఈరోజుకీ గ్రామసభ తీర్మానం చేసి పంపిన దరఖాస్తులు సబ్ డివిజన్‌లోనో జిల్లా కమిటీలోనో పడి ఉన్నాయి. ఆ చట్టం నిబంధనల్లో 13వది మీరందరూ చదవాలి. ఇల్లు, గుడిసె, చదును చేసిన నేల, గట్లు, చెక్‌డ్యాములు, పాత బావులు, శ్మశానాలు, దేవతల స్థలాలు, పెద్దల వాంగ్మూలం, ఇవన్నీ ఆధారాలే. ఒకటి కంటే ఎక్కువ చూడాలని కూడా అందులోనే ఉంది. ఫొటో ఒక్కటే పట్టా తెచ్చిపెట్టదు. 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి సాగులో ఉన్నట్టు నిన్న తీసిన ఫొటో ఎట్లా చెప్తది? కానీ తాత కట్టిన రాతి గట్టును, పూడిపోయిన బావిని అది చూపిస్తది. రేపు ఎవరైనా ఆ గట్టు చెరిపేస్తే, ఉండేదని చెప్పేది అదే.

గోదావరి పక్కన ఉన్నవాళ్లు ఇంకో సంగతి ఆలోచించండి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర నది 71 అడుగులు దాటింది. పోలవరం ముంపును 41.15 మీటర్ల కాంటూరు, 45.72 మీటర్ల కాంటూరు అని విడదీసి పరిహారం మాట్లాడుతున్నారు. మీ ఇంటి ఏ గోడ మీద ఎంతవరకు నీళ్లు వచ్చాయో ఆరోజు తీసిన ఫొటో, తేదీతో సహా మీ దగ్గర ఉందా? లేక పోయిన ఫోన్‌తో పాటే పోయిందా?

ఇప్పుడు కొంచెం చిక్కు విషయం. ఫోన్ కెమెరాలో లొకేషన్ ఆన్ చేసి ఉంటే ఫొటో ఫైల్ లోపలే ఏ తేదీ, ఎన్ని గంటలకు, ఏ చోట తీశారో రాసి ఉంటది. కంటికి కనపడదు. సాక్ష్యానికి అది బంగారం. వాట్సాప్‌లో మామూలుగా ఫొటోలా పంపితే ఆ వివరాలు పోతాయి, ఫొటో కూడా చిన్నదైపోతది. డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నదున్నట్టు పోతది. లాయర్‌కు పంపేటప్పుడు డాక్యుమెంట్‌గానే పంపండి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో 63వ సెక్షన్ ఉంది. ఎలక్ట్రానిక్ రికార్డు నకలు ఇస్తే దానికి సర్టిఫికెట్ జతచేయాలి, అందులో ఫైల్ హ్యాష్ విలువ రాయాలి. హ్యాష్ అంటే ఫైల్‌కు వేలిముద్ర అనుకోండి. ఒక్క చుక్క మారినా ముద్ర మారిపోతది. అందుకే మొదట తీసిన ఫైల్‌ను కత్తిరించొద్దు, దాని మీద బాణం గుర్తు పెట్టొద్దు, ఫిల్టర్ వేయొద్దు. అవన్నీ కాపీ మీద చేసుకోండి.

అదే లొకేషన్ ఇంకో చోట మన మెడకు చుట్టుకుంటది. బహిరంగంగా పెట్టే ఫొటోలో అది మిగిలిపోతే, మాట్లాడిన అక్క ఇల్లు ఎక్కడో ఎవరికైనా తెలిసిపోతది. కొన్ని సైట్లు తీసేస్తాయి, కొన్ని ఉంచుతాయి. వాళ్ల మీద ఆధారపడకుండా మీరే తీసేసి పెట్టండి. "లింకు తెలిసినోళ్లకే కనపడతది" అన్న ఫొటో కూడా రహస్యం కాదు, లింకు చేతులు మారుతూనే ఉంటది. ఆశ్రమ పాఠశాల పిల్లల ముఖాలు, కేసుల్లో ఉన్నవాళ్ల ముఖాలు అడగకుండా పెట్టొద్దు. అరకు పోయే టూరిస్టులు మన అక్కచెల్లెళ్లను అడగకుండా తీస్తే మనకు కోపమొస్తది. మనం చేస్తే మాత్రం తప్పు కాదా? పెర్సాపేన్ దగ్గర ఏది తీయొచ్చో ఏది కూడదో కటోడాను అడగండి.

సంబరాలు, దింసా, గుస్సాడీ, మన పంటలు లోకానికి చూపించాలనుకుంటే వికీమీడియా కామన్స్ ఉంది. లాభం కోసం నడిచేది కాదు. కానీ అక్కడ పెట్టింది ఎవరైనా, వ్యాపారానికి కూడా వాడుకోవచ్చు. అది ఒప్పుకునే పెట్టాలి, ఫొటోలో ఉన్నవాళ్లూ ఒప్పుకోవాలి.

ఆదిలాబాద్ గోండుల గూడేల్లో హైమండార్ఫ్ 1940లలో తీసిన ఫొటోలు లండన్‌లో సోయాస్ దగ్గర భద్రంగా ఉన్నాయి. ఇన్నేళ్ల తర్వాత కూడా చూడగలుగుతున్నామంటే ఎవరో వాటిని వరుసగా పెట్టి, వివరం రాసి, దాచారు కాబట్టే. మన తాతల ముఖాలు చూడాలంటే లండన్ వాళ్ల పేజీ తెరవాలి, అది వేరే బాధ. మన మనవళ్లకు మాత్రం ఆ తిప్పలెందుకు?

పని పెద్దదేం కాదు. ఫైల్ పేరులో ఊరు, తేదీ, విషయం రాయండి. ఒక కాపీ ఫోన్‌లో, ఒకటి గ్రామసభ పెట్టెలో మెమరీ కార్డు మీద, ఇంకొకటి వేరే ఊర్లో. ముఖ్యమైనవి ప్రింటు తీసి, వెనక పెన్నుతో రాసి, తీసినవాళ్లు సంతకం పెట్టండి. ఉచిత సైట్లో పెట్టడం వీటన్నిటి తర్వాత.

భోజనాలయ్యాక ఇక్కడే కూర్చుందాం. ల్యాప్‌టాప్, కార్డ్ రీడర్ తెచ్చాను. గట్ల ఫొటోలు, కందకాల ఫొటోలు ఉన్నోళ్లు ముందు రండి. చార్జింగ్ తక్కువ ఉన్నోళ్లు ఇప్పుడే పెట్టుకోండి, సాయంత్రం కరెంటు ఉంటదో లేదో.