గుండె ఆపరేషన్ అయిన పాపతో మొదటి టూర్: వేములవాడ ఆపి జన్నారం ఎందుకు పోయాం?

ఇన్ని రోజులు వీడియోలు ఎందుకు రాలేదని చాలామంది మెసేజ్ చేశారు. మా అక్క బిడ్డకు గుండె ఆపరేషన్ అయింది. పాపకు అప్పుడు ఏడో నెల. ఇప్పుడు మంచిగుంది, ఆ మాట ముందే చెప్తున్నా, టెన్షన్ లేకుండా వినండి. ఇవాళ మాట్లాడేది ఆపరేషన్ అయ్యాక పది వారాలకు మేమందరం పోయిన రెండు రోజుల టూర్ గురించి. అంత చిన్న టూర్ కోసం ఇంట్లో నెల రోజులు పంచాయితీ నడిచింది.

ముందు జబ్బు సంగతి రెండు ముక్కల్లో. గుండెలో కింద రెండు గదులుంటాయి, మధ్యలో ఒక గోడ. ఆ గోడకు పుట్టుకతోనే రంధ్రం ఉంటే వీఎస్‌డీ అంటారు. ఎడమ గదిలో ప్రెషర్ ఎక్కువ కాబట్టి రక్తం ఆ రంధ్రంలోంచి కుడివైపుకు తోసుకొచ్చి ఊపిరితిత్తులకు అవసరానికి మించి పోతుంది. పాలు తాగుతుంటే తలంతా చెమట, ఆయాసం, బరువు పెరగకపోవడం. మా పాపకు ఇవన్నీ ఉన్నాయి. చిన్న రంధ్రాలు చాలావరకు వాటంతటవే మూసుకుంటాయి. పెద్దదైతే ఛాతీ ఎముక తెరిచి, గుండె పనిని కాసేపు మిషన్‌కు అప్పజెప్పి, రంధ్రానికి ప్యాచ్ వేసి కుడతారు. పుట్టే ప్రతి వెయ్యి మంది పిల్లల్లో ఎనిమిది నుంచి పది మందికి ఏదో ఒక గుండె లోపం ఉంటుంది. అంటే ఇది ఎక్కడో ఒక ఇంట్లో జరిగే వింత కాదు, మన కాలనీలోనూ ఉంటుంది.

మా బావ సింగరేణి, శాంతిఖనిలో అండర్‌గ్రౌండ్. కాబట్టి కంపెనీ రిఫరల్ మీద హైదరాబాద్ పోయాం. కంపెనీ ఉద్యోగం లేనివాళ్లకు ఆరోగ్యశ్రీ ఉంది. 2007లో మొదలైంది, తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి పరిమితి 10 లక్షలు చేశారు. అంగన్‌వాడీలకు, బడులకు వచ్చి పిల్లల్ని చూసే ఆర్‌బీఎస్‌కే టీమ్ వాళ్లు వెతికే జబ్బుల్లో గుండె లోపం కూడా ఒకటి. వాళ్లు వచ్చినరోజు పిల్లల్ని దాచిపెట్టకండి, ప్లీజ్. సిద్దిపేట జిల్లా కొండపాకలో సత్యసాయి సంజీవని ఆస్పత్రి ఉంది, అక్కడ పిల్లల గుండె ఆపరేషన్లు పూర్తిగా ఉచితం. బిల్లు కౌంటరే ఉండదు.

ఇక అసలు విషయం. పదహారు రోజులు ఆస్పత్రిలో ఉండి భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్‌లో బెల్లంపల్లి వచ్చి దిగాం. దిగిన సాయంత్రం నుంచే చూడవచ్చేవాళ్లు మొదలు. మన క్వార్టర్ల సంగతి తెలిసిందే కదా, ఒక ఇంట్లో కష్టమొస్తే లైనంతా వస్తుంది. నాకు అది ఇష్టమే. కానీ వచ్చిన ప్రతి ఒక్కరికీ అక్క మొదటి నుంచి చెప్పాలి. ఎప్పుడు తెలిసింది, ఎంతసేపు చేసిన్రు, ఎన్ని కుట్లు పడ్డయి. చెప్పిన ప్రతిసారి ఆ ఐసీయూ తలుపు ముందు మళ్లీ నిలబడ్డట్టే. పైగా సగంమందికి దగ్గు, జలుబు. పాపను చూడగానే చంకల కింద చేతులు పెట్టి లేపబోతారు. ఛాతీ ఎముక అతుక్కోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, అప్పటిదాకా అట్ల లేపొద్దు. ఒక చేయి మెడ కింద, ఒక చేయి పిరుదుల కింద పెట్టి ఎత్తాలి. నేను గుమ్మం దగ్గర సెక్యూరిటీ గార్డు లెక్క నిలబడి ఇదే డైలాగ్ చెప్పేవాణ్ని.

అక్క రాత్రిళ్లు పడుకోవడం లేదు. పాప పక్కన కూర్చుని ఊపిరి లెక్కపెడుతుంది. ఎకో రిపోర్ట్ మంచిగున్నా సరే. ఇంట్లోంచి నాలుగు రోజులు బయటికి తీసుకుపోదామని బావ అన్నాడు. అప్పుడు అత్తమ్మ, అంటే బావ వాళ్లమ్మ, అన్నది: "ముందు రాజన్న దగ్గరికి పోవాలె. కోడె కడతానని మొక్కుకున్న. పిల్ల పుట్టువెంట్రుకలు గూడ ఆడనే తీపిద్దాం. శివరాత్రి కంటే ముందే అయిపోవాలె."

ఇక్కడ నేను ఎవరినీ తప్పు పట్టను. ఆపరేషన్ రోజు డాక్టర్ల మీద మేం పెట్టుకున్న నమ్మకం ఎంతో, ఆమె రాజన్న మీద పెట్టుకున్న నమ్మకం అంతే. కోడలై ఉండి అక్క "వద్దు" అనలేదు. బావ అటు తల్లిని కాదనలేడు, ఇటు భార్యను చూడలేడు. ఫిబ్రవరిలో వేములవాడ ఎట్లుంటుందో మీకు తెలుసు. క్యూలైన్లో గంటలు, తొక్కులాట, ధూళి. నేను ఏం చెప్పినా "కంప్యూటర్ చదువు చదివినోనికి మొక్కుల సంగతేం తెలుసు" అంటది. అందుకే నేను వాదించలేదు. తర్వాతి చెకప్‌కు అత్తమ్మను కూడా రమ్మన్నా, అంతే.

ఆమే అడిగింది డాక్టర్‌ని. ఆయన విసుక్కోలేదు. "మొక్కుకు గడువేమైనా పెట్టుకున్నారా అమ్మా?" అన్నారు. "గడువేం లేదు సార్." "అయితే ఆరు నెలలు ఆపండి." ఎందుకో కూడా చెప్పారు. లోపల వేసిన ప్యాచ్ మీద శరీరం తన సొంత పొర కప్పుకోవడానికి దాదాపు ఆరు నెలలు పడుతుంది. అప్పటిదాకా చర్మం తెగి, ఆ గాయంలోంచి క్రిములు రక్తంలోకి పోతే, వెళ్లి ఆ ప్యాచ్ దగ్గర కూర్చునే ప్రమాదం ఉంటుంది. గుండు చేసేటప్పుడు కత్తి గాటు పడటం మామూలే కదా. ఇంటికి వచ్చాక అత్తమ్మ పసుపు గుడ్డలో రూపాయి పెట్టి ముడుపు కట్టి దేవుని అర్రలో పెట్టింది. ఆ రాత్రి ఇంట్లో అందరూ కొంచెం ఎక్కువ అన్నం తిన్నారు.

ఇక టూర్. దూరం పోలేం, బావకు లీవులు లేవు. అప్పటి గనుల చట్టం ప్రకారం అండర్‌గ్రౌండ్ కార్మికుడికి ఏడాదికి 190 మస్టర్లు నిండితేనే జీతంతో సెలవు హక్కు వచ్చేది. హైదరాబాద్‌లో ఉన్నన్ని రోజులు అన్నీ నాగాలే. కాబట్టి ఆదివారం, సోమవారం, అంతే. నేను మూడు లెక్కలు పెట్టుకున్నా: జనం ఉండొద్దు, చల్లగా ఉండాలి, పెద్దాస్పత్రికి తొందరగా తిరిగి రావాలి. కుంతాల వద్దనుకున్నాం, ఆ మెట్లు దిగి పిల్లను ఎత్తుకుని ఎక్కలేం. మంచిర్యాల, లక్షెట్టిపేట మీదుగా జన్నారం అనుకున్నాం. 2012లో టైగర్ రిజర్వ్ అయిన కవ్వాల్ అడవి అదే. దారిలో గూడెం గుట్ట కనిపిస్తే అత్తమ్మ కారులోంచే సత్యనారాయణస్వామికి దండం పెట్టుకున్నది.

బయలుదేరే ముందు డాక్టర్‌కు ఫోన్ చేసి అడిగాం. డిశ్చార్జ్ కాగితాలు ఒక కవర్లో, ఫొటోలు నలుగురి ఫోన్లలో. అడవిలో సిగ్నల్ సరిగా ఉండదు, క్లౌడ్‌లో ఉన్నాయిలే అనుకుంటే కుదరదు. మూత్రం ఎక్కువ పోయే సిరప్ ఉంది పాపకు, సిరంజీతో కొలిచి ఇవ్వాలి. ఒక సీసా బ్యాగులో, ఒక సీసా అక్క దగ్గర. వాంతి చేసుకుంటే మన ఇష్టానికి మళ్లీ పోయొద్దు, అడిగే పోయాలి. ఇంకో సంగతి, ఆపరేషన్‌లో రక్తం ఎక్కిస్తే తొమ్మిదో నెల ఎంఆర్ టీకా ఎప్పుడు వేయాలో డాక్టర్‌నే అడగండి, కొంత ఆగమనొచ్చు.

సఫారీకి పోలేదు. ఓపెన్ జీపులో ఆ కుదుపులు, దుమ్ము పాపకెందుకు? నాకు మాత్రం పులి అడవి దాకా వచ్చి పులి లేకుండా వీడియో ఏంటని లోపల ఉండె, అది వేరే సంగతి. గదుల ముందు చెట్ల కింద చాప వేశాం. టేకు ఆకులు రాలే కాలం, ఒక్కో ఆకు పడ్డప్పుడు టప్పున చప్పుడు. పాప ప్రతి చప్పుడుకూ అటు తిరిగి చూస్తుంది. ఛాతీ మీద గీతకు ఎండ తగలకుండా కాటన్ చొక్కా తొడిగాం.

మధ్యాహ్నం అన్నం తిన్నాక బావ పాపను ఎత్తుకుని, "నువ్వు లోపలికి పోయి పడుకో" అన్నాడు అక్కతో. ఆమె పోలేదు. గడప దగ్గరే కూర్చుంది. అత్తమ్మ పోయి పక్కన కూర్చుని, "నేను లెక్కపెడతా గానీ నువ్వు ఒరుగు" అన్నది. అక్క అక్కడే, ఆ చాప అంచున, నాలుగు గంటలు నిద్రపోయింది. అత్తమ్మ నిజంగానే కూర్చుని పాప ఊపిరి చూస్తూనే ఉంది. మధ్యలో ఒకసారి నన్ను పిలిచి, "నిమిషానికి ఎన్ని ఉండాలెరా?" అని అడిగింది. ఈ వయసు పిల్లలు నెమ్మదిగా ఉన్నప్పుడు సుమారు ముప్ఫై నుంచి యాభై దాకా మామూలే, డొక్కలు లోపలికి పీకుతున్నాయా చూడు అని చెప్పా. ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టిచ్చా. ముప్ఫై ఎనిమిది అన్నది.

అక్క లేచేసరికి చీకటి పడుతోంది. మొదట అడిగింది పాప సంగతి కాదు, "చాయ్ ఉందా?" అని.

సోమవారం సాయంత్రానికి బెల్లంపల్లి వచ్చేశాం, మంగళవారం బావ మొదటి షిఫ్ట్‌కు పోయాడు. కోడె మొక్కు మే నెలాఖరున. ఎండలు కాబట్టి తెల్లవారుజామునే బయలుదేరాలని అత్తమ్మే ప్లాన్ వేసింది. ఆ వీడియో మాత్రం పెట్టను, పాప ముఖం చూపించొద్దని అక్క కండిషన్. మీ ఇంట్లో ఇలాంటి ఆపరేషన్ అయిన పిల్లలుంటే, టూర్‌కు ఎన్ని వారాలకు పోయారో, ఏం ఇబ్బంది పడ్డారో కింద రాయండి. వేరేవాళ్లకు పనికొస్తుంది. ఉంటా మరి.